కేశకృత్తు

కెరటిన్ అనే మాటకు తెలుగు లేదని మీరు అనుకుంటూ ఉంటే అది మీ పొరపాటు. ఉంది. కేశకృత్తు. పెట్టినవాణ్ణి నేనే. ప్రొటీన్లను బడి పుస్తకాల్లో మాంసకృత్తులు అన్నారు గనక వెంట్రుకల్లో ఉండే ప్రొటీన్ కేశకృత్తు కావాలి. ఇందులో వ్యాకరణ దోషం చూపించినవారికి నా కుర్చీ ఖాళీ చేసి ఇస్తానన్నాను, ఎవరూ రాలేదు. అయినా ఆ ఒక్క మాట చేసినన్ని పనులు మా సంస్థలో విదేశాల నుంచి ఓడలో దింపిన యంత్రాలు కూడా చేయలేదు.

మా సంస్థ పేరు మాంసకృత్తు, జీవక్రియాద్రవ్య పరిశోధనా కేంద్రం. సముద్రం ఒడ్డున ఒక కొండ మీద ఉంటుంది. ఆ పేరూ నాదే. నేను అక్కడ భాషాధికారిని. ఇంగ్లీషులో వచ్చే ప్రతి కాగితాన్నీ తెలుగు చేయాలని పైవారి ఆదేశం. తెలుగు చేసిన కాగితాన్ని ఎవరైనా చదవాలని ఆదేశం లేదు. అందుచేత నా ఉద్యోగజీవితం చాలాకాలం ప్రశాంతంగా గడిచింది.

కేంద్రానికి రెండు అంతస్తులు. కింద మాంసకృత్తులవాళ్లు, పైన జీవక్రియాద్రవ్యాలవాళ్లు. తేడా తెలియనివారి కోసం చెబుతున్నాను. ఒంటిని హోటలు వంటశాల అనుకుంటే మాంసకృత్తులు వంటవాళ్లు. జీవక్రియాద్రవ్యాలు వాళ్లు దించిన కూరలు, పులుసులు, చివరికి తూములోంచి పోయే కడుగునీళ్లు. కింది అంతస్తు వంటవాళ్ల హాజరు వేస్తుంది, పై అంతస్తు తూము దగ్గర కూర్చుని వాసన పడుతుంది. వంటశాలలో ఏం మాడుతోందో తెలియాలంటే ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మాట్లాడుకోరు. లిఫ్టు ఎవరి బడ్జెట్‌లోదన్న దగ్గర చెడింది.

సనపల నీలవేణి కింది అంతస్తులో పరిశోధక విద్యార్థిని. ఉత్తరాన తీరం వెంబడి కొన్ని పల్లెల్లో మనుషుల కిడ్నీలు ఎందుకో తెలియకుండానే పాడైపోతున్నాయి. జీడితోటలో పనిచేసే మనిషి, షుగరు లేదు, బీపీ లేదు, ఒకనాడు నీరసంగా ఉందని ఆస్పత్రికి వెళతాడు. అప్పటికే కిడ్నీలు సగానికి పైగా పోయి ఉంటాయి. మామూలు రక్తపరీక్ష జబ్బు ముదిరాక గాని చెప్పదు. ముదరక ముందే మూత్రంలో ఏదో ఒక మాంసకృత్తు జాడ ఇవ్వకపోదని నీలవేణి నమ్మకం. ఆమెది ఆ పక్క ఊరే. మంచుపెట్టె భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగి సీసాలు పోగుచేసేది. సీసా ఇచ్చేవాళ్లు వేలిముద్ర వేయాల్సిన అంగీకారపత్రం నా తెలుగులో ఉండేది గనక, దాన్ని వాళ్లకు తెలుగులోకి మార్చి చెప్పడానికి ఒకసారి నన్ను కూడా తీసుకెళ్లింది.

అక్కడ తామాడ లచ్చుమమ్మ అనే ఆవిడ కనబడింది. జీడిపిక్కలు కొట్టే మనిషి, జీడి సొనకు వేళ్లు నల్లబడిపోయి ఉన్నాయి. మొగుడూ, మరిదీ ఈ జబ్బుతోనే పోయారు. నేను అంగీకారపత్రం రెండో పేరాలోకి వచ్చేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అదంతా నాకెందుకు బాబూ. సీసా నింపి ఇచ్చీడానికి నాకేటీ బాధ లేదు. నాకుందో లేదో అది సెప్పండి, సాలు. ఉంటే మందులు తింటాను. లేపోతే నా పని నాను సూసుకుంటాను."

"సెప్తాం పిన్నీ" అంది నీలవేణి.

ఆవిడకు కావలసింది అంతే. ఉందా, లేదా.

ఇలా ఉండగా మా యంత్రాన్ని చూడడానికి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. మాంసకృత్తు ముక్కలను తూచి, ఆ తూకాన్నిబట్టి అది ఫలానా అని పేరు చెప్పే యంత్రం అది. ఇంజనీరు రెండు వాక్యాలు రాసిచ్చి రైలెక్కాడు. నమూనాల్లో కెరటిన్ ఎక్కువగా కనిపిస్తోంది, పనిచేసేవాళ్ల చర్మం నుంచి, వెంట్రుకల నుంచి రాలి పడుతుంది, టోపీలూ చేతితొడుగులూ సరిగా వేసుకోండి అని. ఇలాంటి ప్రయోగశాలలన్నిటికీ ఉన్న బెడదే, కొత్తేమీ కాదు. ఇంగ్లీషు ప్రతి బిల్లు కోసం అకౌంట్సు విభాగానికి పోయింది. మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశరావుగారి బల్ల మీదికి, సంస్థ చరిత్రలో తొలిసారి, నా తెలుగు ప్రతి ఒక్కటే చేరింది. "నమూనాలయందు కేశకృత్తు మిక్కుటముగా కలదు" అని ఉంది అందులో. చర్మం, టోపీ వగైరా మాటలు వాక్యంలో ఇమడలేదు, వదిలేశాను.

డైరెక్టరుగారు వెంటనే స్థాయీ సంఘాన్ని సమావేశపరిచారు.

"కేశకృత్తు. ఎంత స్పష్టమైన మాట. ఇంగ్లీషులో ఇన్నాళ్లూ కెరటిన్, కెరటిన్ అంటుంటే సమస్య మూలం మనకు బోధపడలేదు. మాతృభాషలో చదవగానే కళ్ల ముందు నిలబడింది. మూలం ఏమిటి? కేశం. కనుక నిర్మూలించవలసింది దేనిని?"

అందరూ తెలియకుండానే తలలు తడుముకున్నారు.

"సంపూర్ణ శిరోముండనం" అన్నారు డైరెక్టరుగారు. "నేను స్వయంగా ఆచరించిన తరవాతే మిమ్మల్ని కోరుతున్నాను."

డైరెక్టరుగారికి నెత్తిన వెంట్రుక లేక చాలాకాలమైంది. అది ఆచరణ కిందికి వస్తుందా, వంశపారంపర్యం కిందికి వస్తుందా అని అడిగే ధైర్యం మాకు లేదు.

రిజిస్ట్రారు సోమరాజుగారికి మీసం ఉంది. మామూలు మీసం కాదు, దానికోసం ఆయన సొరుగులో చిన్న దువ్వెన ఉండేది. "శిరోముండనం అంటే శిరస్సు వరకేనని భావించవచ్చా?" అని ఆయన నెమ్మదిగా అడిగారు. డైరెక్టరుగారు నావైపు తిరిగారు. పోయిన వేసవిలో నా సెలవు కాగితాన్ని సోమరాజుగారు నెలరోజులు తొక్కిపెట్టారు. శిరస్సు అంటే మెడకు పైనున్న భాగమంతా అని భాషాధికారి హోదాలో అభిప్రాయం చెప్పాను.

అప్పుడు నీలవేణి లేచింది. విద్యార్థులకు సమావేశంలో మాట్లాడే హక్కు లేదు గాని, ప్రొజెక్టరు వైరు పట్టుకోవడానికి ఆమెను పిలిపించారు.

"సార్, కెరటిన్ ఒకటి కాదు. చాలా రకాలున్నాయి, అంకెలతో పిలుస్తారు. చర్మం మీద, జుట్టులో ఉండేవి కొన్ని. ఒంటి లోపల అవయవాల గోడల్లో ఉండేవి వేరు. ఒకటో రకం, పదో రకం కనిపిస్తే మన చేతుల నుంచి పడ్డట్టు. ఎనిమిది, పద్దెనిమిది కనిపిస్తే అది రోగి లోపలి నుంచి వచ్చినట్టు. కిడ్నీలో సన్న గొట్టాల గోడ పెచ్చులూడితే అవే బయటికొస్తాయి. మనం వెతుకుతున్నది బహుశా వాటినే."

డైరెక్టరుగారు నా ప్రతిని పైకెత్తి చూపించారు. "ఇందులో కేశకృత్తు అని ఏకవచనంలో ఉందమ్మా."

అవును, ఏకవచనమే. కేశకృత్తులు అంటే వాక్యం కుంటుతుంది.

"పోనీ టోపీ పెట్టుకుంటే చాలు సార్."

"టోపీ అనేది సమస్యను కప్పిపుచ్చే విధానం. ఈ సంస్థ దేనినీ కప్పిపుచ్చదు."

మర్నాటికి ఆదేశం వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమైనది ఏమనగా" అని మొదలై, ముండనం లేనివారు ప్రయోగశాల గడప తొక్కరాదని ముగిసింది. నీలవేణి సీసాలన్నీ గడప లోపల మంచుపెట్టెలో ఉన్నాయి. ఆమె పేరుకు తగ్గట్టే జడ నడుము దాటి ఉండేది. సాయంత్రం వెళ్లి తీయించుకుని వచ్చింది. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను.

"జుట్టు మళ్లీ వస్తుంది సార్, కిడ్నీ రాదు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక గుండు గీసేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. గేటుకు ఎదురుగా సెలూన్ ఉంది. కానీ ప్రయోగశాలకు సంబంధించిన ఏ పనినైనా డాక్టరేటు ఉన్నవారే చేయాలని మా నియమావళిలో ఉంది. అందుచేత "కేశనిర్మూలన సాంకేతికాధికారి" అని ఒక పదవి సృష్టించారు. అర్హత: జీవశాస్త్రంలో డాక్టరేటు. క్షౌరం తెలిసి ఉండుట వాంఛనీయం, తప్పనిసరి కాదు. దేశం నలుమూలల నుంచి డాక్టరేటువాళ్లు విరగబడి వచ్చారు. ఎంపికైన కుర్రవాడు పట్టుపురుగు లాలాజలం మీద గొప్ప పరిశోధన చేసినవాడు. కత్తి పట్టడం మాత్రం ఇక్కడే నేర్చుకున్నాడు, మా తలల మీద. ఆ నెల నమూనాల్లో కేశకృత్తుతోపాటు రక్తపు మాంసకృత్తులు కూడా దండిగా కనిపించాయి.

గాట్లు పడ్డ గుండుకు గంధం పూసుకోవడం మనవాళ్లకు అలవాటు. అందరం పూసుకున్నాం. వారం తిరక్కుండానే పై అంతస్తు నుంచి లేఖ వచ్చింది. జీవక్రియాద్రవ్యాల యంత్రం మహా సున్నితమైనది, గాలిలో తేలేదాన్ని కూడా పట్టేస్తుంది. రోగులందరి మూత్రంలోనూ చందనం కనిపిస్తోందని, ఇది జబ్బు లక్షణమేమోనని ఒక వ్యాసం కూడా పంపేశామని, తీరా చూస్తే అది కింది అంతస్తు నెత్తి నుంచి మెట్లెక్కి వచ్చిన గంధమని, ఇది "సరిహద్దు ఉల్లంఘన" అని వాళ్లు రాశారు. మేం జవాబు రాశాం. వాళ్లు దానికి జవాబు రాశారు. అన్నీ తెలుగు చేసింది నేనే. అసలు సంగతేమిటంటే, ఏ రోగుల సీసాల్లో నీలవేణికి ఆ పద్దెనిమిదో రకం కనిపించిందో, ఆ మనుషుల సీసాల్లోనే పై అంతస్తువాళ్లకూ ఏవో తేడాలు కనిపించాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు అప్పుడే దొరికేదట. కానీ గంధం విషయం తేలేవరకు రెండు అంతస్తుల మధ్య సమాచార మార్పిడి నిలిపివేయబడినది.

ఈలోగా సంస్థకు ఒక పెద్దమనిషి ముఖ్య అతిథిగా వచ్చారు. శాలువా కప్పబోతుంటే డైరెక్టరుగారు వేదిక మీదే ఆపేశారు. ఉన్ని అంటే గొర్రె జుట్టు. గొర్రెకు కూడా కేశకృత్తు ఉంటుంది. వంటింట్లో రొట్టెలు చుట్టే వెండిరంగు రేకు తెప్పించి ఆయనకు కప్పాం. మర్నాడు పేపర్లో ఫోటో చూస్తే ఆయన హోటలు నుంచి పార్సెలు కట్టించుకుని వచ్చినట్టున్నారు. అయినా సంతోషించారు, ఇంతటి శాస్త్రీయ సన్మానం తనకు ఎక్కడా జరగలేదని అన్నారు. ఆ తరవాత చుట్టుపక్కల సంస్థల వాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకోవడానికి బస్సుల్లో రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లను గేటు దగ్గరే గీసి లోపలికి పంపేవాళ్లం.

కనుబొమలు కూడా పోయాక మేము ఒకరినొకరు గుర్తుపట్టడం మానేశాం. మెడలో గుర్తింపు కార్డు చూసుకుని నమస్కారం పెట్టుకునేవాళ్లం. కార్డు మీద ఫోటోకూ మనిషికీ పొంతన లేదని కాపలావాళ్లు సోమరాజుగారిని ఒకరోజు గేటు బయటే నిలబెట్టారు. మీసం లేని సోమరాజుగారిని నేను కూడా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేదనే చెప్పాను.

ఇంత చేసినా నమూనాల్లో కేశకృత్తు పోలేదు.

నిజానికి చాలా సీసాల్లో పోయింది. నీలవేణి టోపీలూ తొడుగులూ పట్టుబట్టి అందరిచేత వేయించినందువల్లనో ఏమో, చర్మం రకాలు దాదాపు కనపడటం లేదు. కొందరు రోగుల సీసాల్లో మాత్రం ఆ లోపలి రకాలు మొండిగా నిలబడి ఉన్నాయి. నీలవేణి ముఖం వెలిగిపోయింది, చెత్త తొలగితే అసలు సరుకు తేలిందంది. డైరెక్టరుగారి ముఖం నల్లబడింది.

"సిబ్బందిలో కేశం లేదు. గోడల మీద లేదు. గొర్రె లేదు. అయినా కేశకృత్తు ఉన్నదంటే అది ఎక్కడి నుంచి వస్తున్నట్టు?" అని ఆయన సమావేశంలో అడిగి, జవాబు కూడా తానే చెప్పారు. "రోగుల నుంచి."

"అదే సార్ నేను చెప్పేది" అంది నీలవేణి.

"కనుక రోగులకు కూడా ముండనం."

ఆదేశాన్ని పల్లెల్లో చదివి వినిపించడానికి నన్నే పంపారు. గొడవ చేస్తారనుకున్నాను. చేయలేదు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఉన్నవాళ్లు, ఏం చెప్పినా చేయడం అలవాటైపోయింది. లచ్చుమమ్మ మాత్రం నా గుండును ఎగాదిగా చూసి అడిగింది.

"మీకూ ఉన్నాదేటి బాబూ జబ్బు?"

"లేదమ్మా, ఇది ఆఫీసు పని."

"అయితే తీసీండి. జుట్టుదేముంది. నాకుందో లేదో మాత్రం ఇంకా సెప్పనేదు."

పల్లెలన్నీ గుండ్లయ్యాయి. సీసాలు మళ్లీ నింపారు. చాలామందివి శుభ్రంగా వచ్చాయి. లచ్చుమమ్మదీ, ఇంకొందరివీ అంతకుముందులాగే వచ్చాయి. దీన్ని ధిక్కారంగా పరిగణించాలని స్థాయీ సంఘం తీర్మానించింది. వాళ్లకు సంజాయిషీ నోటీసులు పంపింది. "ముండనానంతరము సైతము మీ మూత్రమునందు కేశకృత్తు కనుగొనబడినది. మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపగలరు." ఆ వాక్యం రాసినందుకు నన్ను మెచ్చుకున్నారు.

విచారణకు మొట్టమొదట లచ్చుమమ్మను పిలిచారు. పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. గుండు మీద కొంగు కప్పుకుని, పొడుగుబల్ల చివర నిలబడి, నోటీసును రెండు చేతులతో పట్టుకుంది.

"నా నెత్తిమీద ఒక్క ఎంటిక ఉంటే సూపించండి బాబూ" అంది.

"నెత్తి మీద లేదు. నమూనాలో ఉంది" అన్నారు సోమరాజుగారు. "నెత్తి మీద లేనిది నమూనాలోకి ఏ విధంగా ప్రవేశించిందన్నదే విచారణాంశం."

"అన్నంలో వెంట్రుకలు పడే అలవాటు మీ ఇంట్లో ఉన్నదా?" అని డైరెక్టరుగారు అడిగారు. "బొచ్చు ఉన్న జంతువులతో సహవాసం?"

"మేక ఉండేది. నిరుడమ్మీసినాం."

"మేక" అని సోమరాజుగారు రాసుకున్నారు.

లచ్చుమమ్మ బిక్కచచ్చిపోయింది. తన వల్ల ఏదో పెద్ద నేరం జరిగిందని ఆవిడకు నిజంగానే అనిపించినట్టుంది. నాకు అది చూడాలనిపించక కిటికీవైపు తిరిగాను. అప్పుడు గోడ పక్కనుంచి నీలవేణి ముందుకొచ్చింది. డైరెక్టరుగారితో కాదు, నేరుగా ఆవిడతోనే మాట్లాడింది.

"పిన్నీ, నువ్వు తప్పేటీ సెయ్యలేదు. ఈళ్లు జుట్టంటన్నది జుట్టు కాదు. కిడ్నీ లోపల సన్న గొట్టాలుంటాయి. గోడకి సున్నం పెచ్చులూడినట్టు ఆటి పెచ్చులూడి ఒంటేల్లోకి వస్తన్నాయి. నీకు జబ్బు మొదలైనాది. ముదరలేదింకా. రేపే ఆస్పత్రికెళ్లు."

లచ్చుమమ్మ నోటీసు కిందికి దించింది.

"అంటే, ఉన్నట్టేనేటి అమ్మీ?"

"ఉన్నట్టే పిన్నీ."

"అదే కదా నాను మొదట్నుంచీ అడగతన్నాను. ఆ ఒక్క ముక్క సెప్పడానికి నా జుట్టు తీయించీసినారా?"

ఆవిడ నోటీసు మడిచి రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. విచారణ ముగిసిందని ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. ఫలితాలు పత్రికలో అచ్చు కాకముందే, సముచిత మార్గంలో గాక, అదీ మాండలికంలో వెల్లడించినందుకు నీలవేణిని కేంద్రం నుంచి తొలగించారు. మంచుపెట్టె సంస్థ ఆస్తి గనక తీసేసుకున్నారు. ఆమె సంచీ ఒకటి భుజాన వేసుకుని కొండ దిగుతుంటే నేను గేటు దాకా వెళ్లాను. నాకొచ్చిన తెలుగంతా అలాంటి చోట్ల పనికిరాదు.

జిల్లా ఆస్పత్రిలో కిడ్నీ డాక్టరు లచ్చుమమ్మను పరీక్షించాడు. జబ్బు తొలిదశలోనే దొరికింది, మందులు మొదలుపెట్టాడు. ఎలా కనిపెట్టావని అడిగితే ఆవిడ రొంటినుంచి మా నోటీసు తీసి చూపించింది. నోటీసు వచ్చిన మిగతావాళ్లూ వెళ్లారు. ఒక్కరి విషయంలో కూడా తప్పు పోలేదు. పల్లెలకు సంగతి అర్థమైపోయింది. కొండ మీది ఆఫీసు నుంచి నోటీసొస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. కేశకృత్తు అన్న మాట వాళ్ల నోట్లో అరిగి అరిగి కేసు అయింది. "నీకు కేసొచ్చినాదా?" "మా ఓడికి రానేదు, అదురుష్టం." ఇలా మాట్లాడుకునేవాళ్లు.

ఇక చూడండి. ఎవరూ పిలవకుండానే జనం గుండ్లు చేయించుకుని, సీసాలు నింపుకుని, మా గేటు ముందు వరస కట్టారు. మాకూ నోటీసు ఇప్పించండని బతిమాలారు. "ప్రజల్లో ఇంతటి క్రమశిక్షణ నేను ఊహించలేదు" అని డైరెక్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. ఆస్పత్రివాళ్లు కూడా తమ వంతు చేశారు. మా నోటీసు చూపిస్తేనే ఉచిత మందులు, నోటీసు ఏడాదికోసారి కొత్తది తేవాలి అని బోర్డు రాసిపెట్టారు. ఒక మంచి పని దొరికితే దానికి వెంటనే ఒక నిబంధన తగిలించకుండా మనం ఉండలేం.

ఆ కిడ్నీ డాక్టరే పాడుచేశాడు. మీ నోటీసు ఈ జబ్బుకు ఇంతవరకు వచ్చిన పరీక్షల్లోకెల్లా మంచి పరీక్ష, ధన్యవాదాలు అని ఉత్తరం రాశాడు. డైరెక్టరుగారు మండిపడ్డారు.

"మన నోటీసు క్రమశిక్షణా చర్య. దానిని రోగనిర్ధారణకు దుర్వినియోగం చేస్తారా?"

సరిగ్గా అప్పుడే పైనుంచి "కేశరహిత సంస్థ" పురస్కారం ప్రకటించారు. వచ్చే ఏడాదిలో ఒక్క నోటీసు కూడా జారీ చేయవలసిన అవసరం కలగని సంస్థకే ఇస్తామన్నారు. మేమేమో కట్టలకొద్దీ జారీ చేస్తున్నాం. స్థాయీ సంఘం మూడ్రోజులు తలలు పట్టుకుని కూర్చుంది. పట్టుకోవడానికి తలలు నున్నగా ఉన్నాయి గనక తేలికైంది. చివరికి కంప్యూటరు విభాగంవాళ్లు మార్గం చెప్పారు. యంత్రం ముక్కను తూస్తుంది, మనం ఎక్కించిన పేర్ల పట్టీలో ఆ తూకానికి ఏ పేరుందో చూసి చెబుతుంది. పట్టీలో లేని పేరు అది చెప్పలేదు. కెరటిన్ అన్న పేరు పట్టీ నుంచి కొట్టేస్తే సరి.

కొట్టేశారు. అన్ని రకాలూ, ఒకటి నుంచి చివరిదాకా. ఆ రోజు నుంచి మా నమూనాల్లో కేశకృత్తు లేదు. నోటీసులూ లేవు. జబ్బు ఉన్నవాడి సీసా, లేనివాడి సీసా పక్కపక్కన పెడితే ఒకేలా ఉన్నాయి, గీత గీసినంత చదునుగా. తేడా కనపడటం లేదు గనక జబ్బు నియంత్రణలోకి వచ్చినట్టు భావించవచ్చునని డైరెక్టరుగారు పైకి రాశారు. తెలుగు చేయమని నాకు పంపితే చేశాను. అబద్ధమని తెలుసు. అయినా చేశాను.

పురస్కారం ప్రజాభాగస్వామ్యంతో లచ్చుమమ్మవాళ్ల ఊళ్లోనే ఇవ్వాలని నిర్ణయించారు. బడి మైదానంలో షామియానా వేశారు. మేము వెళ్లేసరికి డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు హారతి పళ్లేలతో ఎదురొచ్చారు. ఒక ముసలాయన నా చేతులు పట్టుకుని "ఈ ఏడు మా ఊళ్లో ఒక్కడికీ కేసు రానేదు బాబూ, మీ పున్నెం" అన్నాడు. వేదిక మీద డైరెక్టరుగారు, సోమరాజుగారు రేకులు కప్పుకుని కూర్చున్నారు, ఎండకు మెరుస్తున్నారు.

నేను షామియానా చివర, ఆహ్వానపత్రికలు పెట్టిన బల్ల దగ్గర కూర్చున్నాను. లచ్చుమమ్మ వచ్చింది. జుట్టు మెడ దాకా పెరిగింది. నన్ను చూసి నవ్వింది. నడక మాత్రం ఏదోలా ఉంది. చెప్పులు కాళ్లకు లేవు, చేతిలో పట్టుకుంది.

"ఈ ఏడు నాకు కాయితం రానేదు బాబూ. నా కేసు కొట్టీసినారేటి?"

అవునమ్మా అని ఉంటే ఆవిడ సంతోషంగా వెళ్లి డప్పుల దగ్గర నిలబడి ఉండేది. నేను ఆవిడ పాదాలు చూశాను. నీరు పట్టి ఉబ్బి, చర్మం బిగుసుకుపోయి ఉన్నాయి. చెప్పులు ఎందుకు తొడుక్కోలేదో తెలిసింది.

"కొట్టెయ్యలేదమ్మా. నీ జబ్బు అలాగే ఉంది. మందులు మానకు."

"మానలేదు బాబూ. ఆళ్లే మానిపించీసినారు. కొత్త కాయితం తెస్తేగాని ఇవ్వమన్నారు. రెండు నెలలైపోనాది." ఆవిడ వేదికవైపు చూసి, గొంతు తగ్గించింది. "నీలవేణమ్మొకపాలి కనబడితే సెప్పింది, ఆ కాయితాలు రాసేది మీరేనంట కదా. నాకోటి రాసీండి. నానేదో తప్పు సేసినాననే రాయండి, పర్లేదు."

సంతకం చేసే అధికారం నాకు లేదు. నంబరు వేసే అధికారం లేదు. డైరెక్టరుగారి సంతకం మాత్రం ఇన్నేళ్లుగా చూస్తున్నాను, కళ్లు మూసుకుని గీయగలను. ఆహ్వానపత్రిక వెనకవైపు ఖాళీగా ఉంది. ఇందుమూలముగా అని మొదలుపెట్టాను. ఇన్ని వేల వాక్యాల్లో ఒక మనిషికి పనికొస్తుందని తెలిసి రాసింది ఇదే మొదటిదని సిగ్గుపడ్డాను. మీ మూత్రమునందు కేశకృత్తు కనుగొనబడినది అని రాసి, కింద పరాంకుశరావు అని సంతకం పెట్టి, ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుంది.

తలెత్తి చూస్తే ఆవిడ వెనక మరొకావిడ ఉంది. ఆమె వెనక ఒక కుర్రవాడు, అతని వెనక ఇందాకటి ముసలాయన, ఆయన వెనక ఇంకా ఎవరెవరో, షామియానా దాటి రోడ్డు దాకా. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నారు.